కంచె అవతలి కుందేళ్ళకు పూచీ ఎవరిది?

ఈ నెల పాఠకుల ప్రశ్నల్లో ఎక్కువ భాగం కుందేళ్ళ మీదే వచ్చాయి. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ మనవాళ్ళు ఊరి శివార్లలో పొలాలు కొనుక్కోవడం బాగా పెరిగింది. ఆ పొలంలో కుందేళ్ళుంటే వాటి బాధ్యత చట్టప్రకారం తమదేనని చాలామందికి కొన్న తర్వాతే తెలుస్తోంది. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, ఎందుకంటే అందులో నిజంగా అంత విషయం ఉంది. మిగతావి దాని వెంట చదువుకోవచ్చు.

ప్రశ్న: మేడమ్, నమస్తే. మేం నలుగురు స్నేహితులం కలిసి మెల్‌బోర్న్‌కి పడమటి వైపు, బాకస్ మార్ష్ దాటాక 40 ఎకరాలు కొన్నాం. నిమ్మ, దానిమ్మ, ఆలివ్ మొక్కలు పెట్టాం. పెట్టినవి పెట్టినట్టే కుందేళ్ళు కొరికేస్తున్నాయి. వాగు గట్టు పొడుగునా బొరియలే. ఒకతన్ని పిలిచి రాత్రిపూట తుపాకీతో కొట్టించాం, కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మామూలే. ఇప్పుడు చుట్టుపక్కల పొలాలవాళ్ళు కుందేళ్ళ మీద మీటింగ్ పెడుతున్నాం, మీరూ రండి అంటున్నారు. మా వాళ్ళేమో "మన పొలంలోవి మనం చూసుకుందాం, మీటింగులు ఎందుకు" అంటున్నారు. వెళ్ళాలా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, మెల్టన్

జవాబు: తప్పకుండా వెళ్ళండి. నలుగురిలో ఒక్కరు కాదు, కుదిరితే నలుగురూ వెళ్ళండి. ఎందుకో చెప్తాను.

మీ పొలం నుంచి కారులో రెండు గంటల లోపే వించెల్సీ అనే చిన్న ఊరు వస్తుంది, జీలాంగ్ నుంచి కోలాక్ వెళ్ళే దారిలో. అక్కడి బార్వన్ పార్క్ ఎస్టేట్ యజమాని థామస్ ఆస్టిన్ వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి కుందేళ్ళు తెప్పించాడు. 1859 క్రిస్మస్ నాటికి అవి ఓడలో మెల్‌బోర్న్ చేరాయి, మొత్తం 24. అంతకు ముందు కూడా ఆ దేశానికి కుందేళ్ళు వచ్చాయి, 1788లో వచ్చిన మొదటి ఓడల్లోనే ఐదు ఉన్నాయి. కానీ ఇవాళ ఖండమంతా ఉన్న కుందేళ్ళు ప్రధానంగా ఆస్టిన్ తెప్పించిన వాటి సంతానమేనని 2022లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. ఏడాదికి దాదాపు 100 కిలోమీటర్ల చొప్పున పాకుతూ యాభై ఏళ్ళలో దేశంలో చాలా భాగం ఆక్రమించేశాయి. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం అడ్డంగా కంచె వేద్దామని 1901లో మొదలుపెట్టింది. మొదటి కంచె ఒక్కటే 1,800 కిలోమీటర్ల పైన, అది 1907కి పూర్తయింది, కానీ ఈలోపే కుందేళ్ళు ఆ గీత దాటేశాయి. ప్రభుత్వమంతటిది కంచె వేసినా ఆగనివి మీ 40 ఎకరాల తీగల కంచెకి ఆగుతాయా చెప్పండి.

ఇక సంతానం సంగతి. ఆడ కుందేలు నెల రోజుల్లో ఈనుతుంది, ఈనిన కొన్ని గంటల్లోనే మళ్ళీ కట్టగలదు. ఈతకి నాలుగైదు పిల్లలు. ఆ పిల్లలు నాలుగు నెలలు నిండేసరికి తామూ ఈతకి సిద్ధం. పచ్చగడ్డి ఉన్నంత కాలం ఇదే వరస. మీరు కొట్టించిన మనిషి పదింట ఏడు పడగొట్టినా, మిగిలిన మూడింటికి తిండి పుష్కలం, ఖాళీ బొరియలు పుష్కలం. పైగా తుపాకీ చప్పుడు ఒకసారి విన్నవి రెండోసారి వెలుగు కనపడగానే లోపలికి దూరిపోతాయి. వేట ఉత్తదని అనను, చివర్లో మిగిలిన ఒకటీ అరా తీసేయడానికి పనికొస్తుంది. మొదటి పనిగా అది పెట్టుకుంటే డబ్బు దండగే.

అసలు చూసుకోవాల్సింది కుందేలుని కాదు, బొరియని. ఈ జాతి కుందేళ్ళు బొరియ లేకపోతే ఆ ఎండకీ, నక్కలకీ తట్టుకుని పిల్లల్ని బతికించుకోలేవు. మేతకి కూడా ఎక్కువ దూరం పోవు, బొరియకి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతాయి. అంటే మీ దానిమ్మ మొక్కల్ని కొరుకుతున్న గుంపు మీ వాగు గట్టున ఉండొచ్చు, లేదా అవతలి ఆసామి రాళ్ళ కుప్పలో ఉండొచ్చు, లేదా కౌన్సిల్ వారి రోడ్డు పక్క పొదల్లో ఉండొచ్చు. మీ వైపు మొత్తం శుభ్రం చేసినా, ఆ రెండు చోట్లా వదిలేస్తే వచ్చే వసంతానికి అక్కడి పిల్ల కుందేళ్ళు మీ ఖాళీ బొరియల్లో కాపురం పెడతాయి. మీటింగ్ ఎందుకన్న దానికి ఇదే నా జవాబు.

మీటింగ్‌కి వెళ్ళినప్పుడు మందుల సంగతి మాట్లాడే ముందు ఒక మ్యాపు అడగండి. సర్వే హద్దులు ఎలాగూ ఉంటాయి, వాటి మీద బొరియలు ఎక్కడెక్కడ ఉన్నాయో అందరూ కలిసి గుర్తు పెట్టాలి. రాబిట్‌స్కాన్ అని ఉచిత యాప్ ఉంది, ఫోన్‌లో నడుస్తూ నడుస్తూ గుర్తు పెట్టేయొచ్చు, గుంపులో అందరికీ అదే మ్యాపు కనిపించేలా పెట్టుకోవచ్చు. మ్యాపు పూర్తయ్యాక చూడండి, చుక్కలన్నీ వాగు వెంట, రాళ్ళ కుప్పల్లో, బ్లాక్‌బెర్రీ పొదల కింద గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి, మధ్యలో హద్దు గీతలు వాటిని అడ్డదిడ్డంగా కోస్తూ ఉంటాయి. అప్పటిదాకా "మా పొలంలో లేవండీ" అన్న పెద్దమనిషి కూడా అది చూశాక ఏమీ అనలేడు. రోడ్డు అంచులు, రైలు పట్టాల పక్కన జాగా, ప్రభుత్వ భూమి ఎవరి కింద ఉన్నాయో వాళ్ళ మనిషి కూడా ఆ గదిలో ఉండేలా చూడమనండి. చాలా చోట్ల చెడేది సరిగ్గా ఆ సందుల్లోనే.

విక్టోరియాలో ఈ పద్ధతికి మంచి పునాది ఉంది. రైతులు కలిసి తమ నేలని కాపాడుకునే లాండ్‌కేర్ ఉద్యమం 1986లో ఆ రాష్ట్రంలోనే, సెయింట్ ఆర్నాడ్ దగ్గర విన్‌జాలోక్‌లో రైతులతో మొదలైంది. కుందేళ్ళ కోసమే ప్రత్యేకంగా 2014లో విక్టోరియన్ రాబిట్ యాక్షన్ నెట్‌వర్క్ ఏర్పడింది. రైతులు, ప్రభుత్వ భూముల సిబ్బంది, పరిశోధకులు, ఊళ్ళోని వాళ్ళు ఒకచోట కూర్చుని "మన దగ్గర అసలు సమస్య ఏమిటి, ఎవరికి ఏం తెలుసు, ఎవరి దగ్గర ఏముంది" అనే ప్రశ్న నుంచి మొదలుపెట్టడం దాని పద్ధతి. 2019లో ఈ నెట్‌వర్క్‌కి ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా పురస్కారం వచ్చింది. పురస్కారం కంటే నాకు నచ్చింది దాని వెనకున్న ఆలోచన. చట్టం ఎప్పటినుంచో ఉంది, 1994 నాటి భూసంరక్షణ చట్టం ప్రకారం భూమి యజమాని తన భూమిలో కుందేళ్ళని అదుపు చేయడానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలి, లేకపోతే నోటీసు వస్తుంది. కానీ నోటీసుకి భయపడి చేసేవాడు తన హద్దు దాకా ఏదో చేశాననిపించుకుంటాడు. పక్కవాడితో కలిసి ప్లాన్ వేసుకున్నవాడు మరుసటి ఏడాది కూడా వస్తాడు. కుందేళ్ళ పని రెండో ఏడు, మూడో ఏడు కూడా చేసేవాళ్ళ వల్లే తెములుతుంది.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉన్నా చెప్పాలి. ఇలాంటి గుంపులకి పెద్ద ఇబ్బంది శని ఆదివారాలు మాత్రమే కనిపించే యజమానులతోనే. తరాలుగా అక్కడే ఉన్న రైతులు ఒకరికొకరు తెలుసు. కొత్తగా కొన్నవాళ్ళ ఫోన్ నంబరు కూడా ఎవరి దగ్గరా ఉండదు, గేటుకి తాళం ఉంటుంది, మందు పెట్టే వారం వాళ్ళ పొలం ఒక్కటే వదిలేయాల్సి వస్తుంది. మీరు అలా కాకండి. "వాళ్ళ యాస అర్థం కాదు, మనకి వ్యవసాయం గురించి ఏం తెలుసని వెళ్ళి కూర్చోవడం" అని మొహమాటపడకండి. మీ నలుగురిలో ఎక్సెల్ షీటు నడపగలిగినవాళ్ళు, మ్యాపులు వేయగలిగినవాళ్ళు, ఒక శనివారం బొరియలు లెక్కపెట్టడానికి తిరగగలిగినవాళ్ళు ఉంటారు కదా. ఆ గుంపుకి వాళ్ళు చాలా అవసరం. యంత్రం ఉన్న ముసలాయన పక్కనే ఉంటాడు, లెక్కలు రాసే ఓపిక ఆయనకి ఉండదు.

ఇప్పుడు పని వరస. అక్కడి ఎండాకాలం చివరి భాగం మంచి అదను. మన లెక్కలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా అనుకోండి. గడ్డి ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఎరకి ఆశపడతాయి, ఈతలు దాదాపు ఆగి ఉంటాయి, మట్టి పొడిగా ఉంటుంది కాబట్టి బొరియలు సులువుగా కూలతాయి. వానలు పడి పచ్చిక మొలిచాక మొదలుపెడితే ఎర ముట్టవు.

ముందు ఎర. ఓట్సో క్యారెట్ ముక్కలో మందు లేకుండా రెండు మూడు సార్లు, రోజు విడిచి రోజు, అవి మేసే దారి వెంట చాలుగా పోస్తారు. భయం పోయి అన్నీ తినడం అలవాటయ్యాక మందు కలిపిన ఎర పెడతారు. పిండోన్ అనేది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు, కొన్ని రోజుల పాటు తింటేనే పనిచేస్తుంది, పొరపాటున కుక్క తింటే విటమిన్ కె1 విరుగుడు. 1080 అనే రెండో మందు ఒక్క మోతాదుకే చంపుతుంది, కుక్కలకి మరీ ప్రమాదం, దానికి విరుగుడు లేదు. పర్మిట్ లేకుండా 1080 కొనకూడదు, వాడకూడదు. పెట్టే ముందు పొరుగువాళ్ళకి చెప్పాలి, బోర్డులు కట్టాలి. మీరు ఈ పనికి కొత్తవాళ్ళు కాబట్టి నా సలహా ఒక్కటే: మందు పని పర్మిట్ ఉన్న మనిషికి అప్పగించండి, ఆ రోజుల్లో పిల్లల్నీ పెంపుడు కుక్కల్నీ పొలానికి తీసుకెళ్ళకండి. చచ్చిన కుందేళ్ళు ఏరి పాతిపెట్టే పనికి మాత్రం మీరు చేతులకి గ్లోవ్స్ వేసుకుని వెళ్ళొచ్చు.

ఎర తర్వాత బొరియలు కూల్చడం. చాలామంది ఎరతో ఆపేసి ఇక్కడ దెబ్బతింటారు. ట్రాక్టరుకో డోజరుకో వెనక పొడవాటి కొక్కేల్లాంటి రిప్పర్ పళ్ళు ఉంటాయి, అవి కనీసం అర మీటరు, వీలైతే ఇంకా లోతుకి దిగాలి. మిగిలిన ఎర, చచ్చిన కుందేళ్ళు పూర్తిగా తీసేశాకే, దున్నే ముందు రెండు కుక్కల్ని ఆ చుట్టుపక్కల తిప్పితే బయట పడుకున్నవి కూడా బొరియల్లోకి దూరతాయి. అప్పుడు ఒక దిక్కున చాళ్ళు దగ్గర దగ్గరగా దున్ని, మళ్ళీ అడ్డంగా దున్నుతారు. బొరియ నోటి దగ్గరే ఆగకూడదు, సొరంగాలు బయటికి కనపడే కన్నాల కంటే చాలా దూరం పోతాయి, అందుకే చుట్టూ ఇంకొన్ని మీటర్లు కలుపుకుని దున్నాలి. తర్వాత ట్రాక్టరు చక్రాలతో తొక్కించి నేల చదును చేయాలి. పనికి ముందు భూమిలో గ్యాసు గొట్టాలు, కేబుళ్ళు ఉన్నాయేమో బిఫోర్ యు డిగ్ సర్వీసులో అడగండి. వాగుల వెంట ఆదివాసీ వారసత్వ ప్రదేశాలు ఉండే అవకాశం ఎక్కువ, అక్కడ దున్నకూడదు, ముందే విచారించుకోవాలి. పూర్తి అగ్గి నిషేధం ఉన్న రోజుల్లో ఈ పనే పెట్టుకోకండి, రాయికి ఇనుము తగిలి ఒక్క నిప్పురవ్వ లేస్తే చాలు. మీ వాగు గట్టు లాంటి చోట ట్రాక్టరు దిగదు, దిగినా గట్టు కోసుకుపోతుంది, అక్కడ బొరియల్లో పొగమందు పెట్టి నోళ్ళు మట్టితో బిగించాలి, అదీ పర్మిట్ ఉన్న మనిషితోనే.

ఆ తర్వాత మీరే స్వయంగా చేయాల్సిన పని ఒకటుంది. మూడు నాలుగు వారాలు పోయాక దున్నిన చోటికి వెళ్ళి నెమ్మదిగా నడవండి. తెరుచుకున్న కన్నం కనిపిస్తే వంగి చూడండి. నోటి దగ్గర సాలెగూడు, ఎండుటాకులు ఉంటే అది ఖాళీ. మట్టి తాజాగా, తడి రంగులో బయటికి ఎగదోసి ఉండి, అంచులు రాసుకుని రాసుకుని నున్నగా అయ్యి, కాస్త దూరంలో నల్లటి గుండ్రటి పెంటికలు కుప్పగా పడి ఉంటే లోపల కాపురం ఉన్నట్టే. ఆ ఒక్క కన్నం ఆ వారమే మూసేయాలి. ఆ ఒక్కదాన్ని వదిలేయడం వల్ల మొత్తం ఖర్చు మట్టిపాలైన పొలాలు నేను చూశాను. అలాగే బ్లాక్‌బెర్రీ, గోర్స్, బాక్స్‌థార్న్ పొదలు, పాత ఇనుప సామాను కుప్పలు తీసేయండి, బొరియ లేకపోయినా వాటి కింద దాక్కుని బతుకుతాయి. చిన్న పక్షులు కూడా ఆ పొదల్నే ఆసరా చేసుకుంటాయి కాబట్టి ఒకేసారి నరికేయకుండా, కొంత కొంత తీస్తూ ఆ చోట దేశవాళీ మొక్కలు పెట్టుకుంటూ వెళ్ళమని నా సలహా.

ఖర్చు సంగతి కూడా మీటింగులోనే తేల్చుకోండి. డోజరుని ఒక్క పొలానికి పిలిస్తే తెచ్చి దింపే కూలీయే తడిసి మోపెడవుతుంది, ఎనిమిది పొలాలు ఒకే వారంలో పెట్టుకుంటే అందరికీ తేలిక.

ప్రశ్న: నేను విజయవాడలో బీఎస్సీ చదువుతున్నాను. కుందేళ్ళ మీద వైరస్ వదిలారని పాఠంలో ఉంది. అంత మంచి ఆయుధం ఉండగా ఇంకా ఎరలు, ట్రాక్టర్లు ఎందుకు మేడమ్?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: తమ్ముడూ, ఒక్క దెబ్బతో పోయే ఉపాయం కోసం అక్కడి ప్రభుత్వాలు 1887 నుంచే వెతుకుతున్నాయి. అప్పట్లో 25,000 పౌండ్ల బహుమతి ప్రకటిస్తే పారిస్ నుంచి లూయీ పాశ్చర్ తన మేనల్లుడిని కోళ్ళ కలరా సూక్ష్మజీవితో సహా పంపాడు. కోళ్ళు కూడా చచ్చే ఆ జబ్బుని వదలడానికి ఒప్పుకోలేదు, బహుమతి ఎవరికీ ఇవ్వలేదు.

నువ్వు చదివింది మిక్సోమా వైరస్ గురించి అయ్యుంటుంది. 1950లో ముర్రే నది లోయలో వదిలారు, ఆ ఏడు వానలకి దోమలు విపరీతంగా పుట్టి దాన్ని మోసుకుపోయాయి. దాదాపు 60 కోట్లున్న కుందేళ్ళు రెండేళ్ళలో 10 కోట్లకి పడిపోయాయని అంచనా. అదే సమయంలో మిల్డూరా ప్రాంతంలో మనుషులకి మెదడువాపు రావడంతో జనం ఈ వైరస్ వల్లేనని భయపడ్డారు. అప్పుడు ఫ్రాంక్ ఫెన్నర్, మాక్‌ఫర్లేన్ బర్నెట్, ఇయాన్ క్లూనీస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలూ ఆ వైరస్‌ని తమ ఒంట్లోకే ఎక్కించుకుని, మనిషికి ఏమీ కాదని చూపించారు. సైన్సు చదివేవాళ్ళు తెలుసుకోవాల్సిన ఘట్టం ఇది.

కానీ మొదట్లో నూటికి 99 కుందేళ్ళని చంపిన ఆ వైరస్‌లో కొన్నేళ్ళకే బలహీనమైన రకాలు పైచేయి అయ్యాయి. కుందేలు వెంటనే చస్తే దోమ కుట్టి ఇంకోదానికి అంటించే వ్యవధి ఉండదు, కొన్ని రోజులు ఈడ్చుకుంటూ బతికితేనే వైరస్‌కి లాభం. మరోవైపు తట్టుకున్న కుందేళ్ళ పిల్లలకి తట్టుకునే గుణం వచ్చింది. పరిణామ సిద్ధాంతం పాఠానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. తర్వాత కాలిసివైరస్ అనే రెండోది దక్షిణ ఆస్ట్రేలియా తీరంలోని వార్డాంగ్ దీవిలో పరీక్షల్లో ఉండగానే 1995 అక్టోబరులో ప్రధాన భూభాగానికి తప్పించుకుపోయింది. మెట్ట ప్రాంతాల్లో కొన్నిచోట్ల పదింట తొమ్మిది కుందేళ్ళు పోయాయి. విక్టోరియా లాంటి చల్లటి తేమ నేలల్లో మాత్రం అంతగా పనిచేయలేదు, ఎందుకంటే అక్కడి కుందేళ్ళలో అప్పటికే తిరుగుతున్న, ఏ హానీ చేయని చుట్టం వైరస్ ఒకటి వాటికి కొంత రక్షణ ఇచ్చింది. దాన్ని కూడా దాటగలదని కె5 అనే రకాన్ని ఎంచి 2017 మార్చిలో వదిలినప్పుడు, దేశమంతటా ఆ వైరస్ కలిపిన ఎర తీసుకెళ్ళి పెట్టింది చాలా వరకు స్థానిక రైతులు, లాండ్‌కేర్ గుంపులు, కౌన్సిళ్ళ వాళ్ళే.

వైరస్ సంఖ్యని కిందకి దింపుతుంది, ఆ దిగిన అదనులో బొరియలు కూల్చినవాళ్ళకి ఏళ్ళ తరబడి ఫలితం ఉంటుంది, "వైరస్ చూసుకుంటుందిలే" అని కూర్చున్నవాళ్ళకి మళ్ళీ మొదటికొస్తుంది.

ప్రశ్న: మాది టార్నిట్. ఇల్లు కొత్త కాలనీ చివర్లో, వెనకంతా ఖాళీ జాగా. పెరట్లో పాలకూర, మెంతికూర, గోంగూర వేస్తే తెల్లారేసరికి మోళ్ళు మిగులుతున్నాయి. మందు పెట్టొచ్చా?
— ఒక గృహిణి, టార్నిట్

జవాబు: ఇళ్ళ మధ్య మందు వద్దు తల్లీ, పిల్లలు, పిల్లులు, కుక్కలు తిరిగే చోటు. మడి చుట్టూ సన్న కన్నాల వల కట్టండి. కన్నం 3 సెంటీమీటర్లకి మించకూడదు, పెద్ద కన్నమైతే పిల్ల కుందేళ్ళు దూరిపోతాయి. నేల పైకి 90 సెంటీమీటర్ల ఎత్తు చాలు, అసలు కిటుకు కింద ఉంది: ఇంకో 15 సెంటీమీటర్లు బయటి వైపుకి మడిచి మట్టిలో పాతండి. అవి వల మొదట్లోనే తవ్వుతాయి కాబట్టి ఆ మడత తగిలి ఆగిపోతాయి. వెనక జాగాలో బిల్డర్లు వదిలేసిన రాళ్ళు, మట్టి కుప్పల్లో బొరియలు కనిపిస్తే ఫోటో తీసి రాబిట్‌స్కాన్‌లో పెట్టి కౌన్సిల్‌కి రాయండి. మీ వీధిలో ఇంకో ఐదారు ఇళ్ళవాళ్ళు కూడా రాస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: కుందేలు సాధు జంతువు. మనుషులే తెచ్చి వదిలి, మనుషులే మందు పెట్టి చంపడం జీవహింస కాదా? మీరు దాన్ని సమర్థిస్తూ రాయడం బాధ కలిగించింది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: జీవహింసే. కాదని ఒక్క ముక్క కూడా అనను. కానీ ఆ లెక్కలో కుందేలు ఒక్కదాన్నే పెడితే సరిపోదమ్మా. ఆ నేలలో కుందేళ్ళు హెక్టారుకి ఒకటి కంటే తక్కువే ఉన్నా సరే, అవి కొరికేయడం వల్ల కొన్ని రకాల దేశవాళీ చెట్ల మొలకలు ఒక్కటి కూడా బతకవు. పెద్ద చెట్లు ముసలివై పడిపోతున్నా వాటి కింద పిల్ల చెట్టు ఉండదు. చెట్టు మీద, గడ్డి మీద, బొరియ మీద ఆధారపడ్డ బిల్బీ లాంటి చిన్న ప్రాణులు తిండికీ చోటుకీ పోటీ పడలేక తరిగిపోయాయి. అందుకే అక్కడ ఈస్టర్ పండక్కి కుందేలు బొమ్మ చాక్లెట్ బదులు బిల్బీ బొమ్మది కూడా అమ్ముతారు. కాలిసివైరస్‌తో కుందేళ్ళు తగ్గాక దక్షిణ ఆస్ట్రేలియా ఎడారి భూముల్లో దాదాపు కనుమరుగైన గెంతుడు ఎలుకలు మళ్ళీ విస్తరించాయి. అవీ ప్రాణాలే, వాటి చావు మన కంటికి కనపడలేదు, అంతే.

ఆస్ట్రేలియాకి చెందిన మక్వారీ దీవి సంగతి కూడా చూడండి. అక్కడ పిల్లుల్ని తీసేశాక వాటికి ఆహారమైన కుందేళ్ళు విపరీతంగా పెరిగి కొండవాలులన్నీ బోడి చేసేశాయి, పక్షుల గూళ్ళున్న నేల జారిపోయింది. చివరికి కుందేళ్ళతో పాటు ఎలుకల్నీ చుంచుల్నీ కూడా మొత్తం తొలగించే పని పెట్టుకుని, 2014లో దీవి పూర్తిగా విముక్తమైందని ప్రకటించారు. ఆ తర్వాత పచ్చదనం తిరిగి వచ్చింది.

హింస తగ్గాలని నేనూ కోరుకుంటాను. అందుకే సగం సగం పనులంటే నాకు కోపం. ఏటా కొన్ని వందల కుందేళ్ళని చంపుతూ, వాటిని మళ్ళీ పెరగనిస్తూ ఇరవై ఏళ్ళు గడపడం కంటే, ఊరంతా కలిసి బొరియలతో సహా తొలగించి ఆ తర్వాత కాపు కాయడంలో చచ్చే ప్రాణాలు చాలా తక్కువ. ఏ పద్ధతిలో బాధ తక్కువ అన్న ప్రశ్న కూడా ఇలాంటి మీటింగుల్లో గట్టిగా అడగాలి. మీలాంటివారు అక్కడుంటే అడుగుతారు, అడిగేవాళ్ళు ఉండాలి కూడా.

ఒక్క సంగతి స్పష్టం చేస్తాను: ఇదంతా యూరప్ నుంచి వెళ్ళి అక్కడ పడ్డ కుందేళ్ళ గురించి. మన అడవుల్లో, మెట్టల్లో కనిపించే చెవులపిల్లి వేరే జాతి, అది బొరియలు తవ్వదు, ఈ నేలకి పుట్టిన జంతువు, వన్యప్రాణి చట్టం కింద దానికి రక్షణ ఉంది. దాన్ని వేటాడటం నేరం.

ప్రశ్న: మాకు కుందేళ్ళ బాధ లేదు గానీ ఎలుకల బాధ ఉంది. సామూహిక ఎలుకల నివారణ అని ఆఫీసర్లు వచ్చి మందు పంచుతారు, సగం మంది పెట్టరు. ఆస్ట్రేలియా పద్ధతి మాకేమైనా పనికొస్తుందా?
— ఒక రైతు, తణుకు దగ్గర

జవాబు: నిజానికి ఈ విషయంలో గోదావరి జిల్లాలకి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదండీ. సాయంత్రం గట్ల మీద కన్నాలన్నీ మట్టితో మూసి, తెల్లారి ఏవి తెరుచుకున్నాయో చూసి వాటిలోనే మందు పెట్టడం మీకు తెలిసిందే. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ అన్న లెక్క కూడా తెలుసు. మీకు దగ్గర్లోనే మార్టేరు పరిశోధన కేంద్రం ఉంది, ఎలుకల మీద ఎంతో పని చేసింది. బుట్టలు పెట్టి, కుండతో పొగబెట్టి ఎలుకలు పట్టే యానాదుల పనితనం ఏ మందుకీ తీసిపోదు, నా ఉద్దేశంలో ప్రతి సామూహిక కార్యక్రమంలో మొదటి పిలుపు, మొదటి కూలి వాళ్ళకే దక్కాలి.

లోపం ఎక్కడంటే మందు పంచిన రోజుతో సామూహికం అయిపోతోంది. మెల్టన్ పాఠకుడికి చెప్పిందే మీకూ చెప్తాను. ఒక బోదె కింద ఆయకట్టు రైతులంతా ముందు వారం కూర్చుని, ఎవరి గట్లు, ఎవరి గడ్డివాములు, పంచాయతీ వారి పోరంబోకు, కాలవ గట్టు, అన్నీ ఒక కాగితం మీద గీసుకోండి. ఊళ్ళో లేని ఆసాముల తరఫున కౌలుదార్లని పిలవండి. వరి చిరుపొట్టకి రాకముందే, అందరూ ఒకే రెండు మూడు రోజుల్లో పెట్టాలి, పొట్టకొచ్చాక ఎలుక నూకల వైపు చూడదు. వారం పోయాక మళ్ళీ కన్నాలు మూసి తెరుచుకున్నవి లెక్కపెట్టి, ఆ లెక్క చెరువు గట్టు మీదో రచ్చబండ దగ్గరో అందరికీ కనపడేలా రాయండి. ఎవరి గట్టు మీద ఎన్ని తెరుచుకున్నాయో ఊరికి తెలిస్తే, మందు తీసుకుని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు వచ్చేసారి బయటికి తీస్తారు. మందు కలిపేటప్పుడు చేతులకి తొడుగులు, మిగిలిన నూకలు కోళ్ళకీ పిల్లలకీ అందకుండా పాతరేయడం మర్చిపోకండి.

ప్రశ్న: మేం సిడ్నీ నుంచి బ్రిస్బేన్ మారుతున్నాం. పాప రెండేళ్ళుగా పెంచుకుంటున్న కుందేలుని తీసుకెళ్ళడానికి పర్మిషన్ ఎక్కడ తీసుకోవాలి?
— ఒక తండ్రి, సిడ్నీ

జవాబు: పెంపుడు కుందేలుకి అక్కడ పర్మిషన్ ఇవ్వరండీ. క్వీన్స్‌లాండ్‌లో ఇంట్లో కుందేలు పెంచడం చట్టరీత్యా నేరం, జరిమానా చాలా ఎక్కువ. పరిశోధన సంస్థలకి, ఇంద్రజాల ప్రదర్శనలు ఇచ్చేవాళ్ళకి లాంటి కొద్దిమందికే అనుమతులు ఉంటాయి. ఎవరూ చూడర్లే అని కారులో పెట్టుకుని వెళ్ళకండి. మారే లోపు సిడ్నీలోనే బాగా చూసుకునే కుటుంబాన్ని వెతికి ఇవ్వండి, కాలిసివైరస్ టీకా ఎప్పుడు వేయించారో ఆ కాగితాలు కూడా వాళ్ళకి ఇవ్వండి. మిక్సోమా జబ్బుకి మాత్రం ఆస్ట్రేలియాలో పెంపుడు కుందేళ్ళకి టీకా వేయనివ్వరు కాబట్టి దోమలు దూరని గూడు ఉన్న ఇల్లయితే మేలు. పాపకి ఈ విషయం సామాన్లు సర్దే రోజున కాకుండా ఇప్పుడే చెప్పండి, ఎవరికివ్వాలో తననే ఎంచుకోమనండి. బ్రిస్బేన్‌లో గినీ పిగ్ పెంచుకోవడానికి అభ్యంతరం లేదు.